ఇత్తడి మేకులు

హొరేస్ పిల్లింగ్ అంటే నాకు పడదు. ముప్పై ఏళ్లుగా పడదు. పాత వ్యంగ్యచిత్రాలు పోగుచేసేవాళ్లకు మా ఊళ్లో ఒక సంఘం ఉంది. నెలకోసారి ధాన్యం మార్కెట్ హాల్లో కూడి, ఒకరి బొమ్మలు ఒకరు చూసుకుని, టీ తాగి పోతారు. దానికి అతను పెద్ద. నా భార్య హెస్టర్ కూడా వెళ్లేది. వాళ్లు ఆమెను చాటున ‘కత్తెరమ్మ’ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది పిల్లింగే. ఎందుకని నేను ఎవరినీ అడగలేదు. ఆమె చెప్పలేదు. కుట్టుపనితో బతుకుతుందని ఎగతాళి చేస్తున్నారనుకున్నాను. ఆమె పోయినప్పుడు అతను పూలు పంపితే గుమ్మంలోంచే తిప్పి పంపాను.

ఆమె పోయి రెండేళ్లు. నలభై ఒక్క బొమ్మలు మిగిల్చింది, అన్నీ విక్టోరియా రాణి కాలపువి. బొజ్జల మంత్రులు, పొడుగు ముక్కుల లాయర్లు, తలుపులో పట్టని పావడాల దొరసానులు. అన్నిటికీ ఫ్రేములు కట్టింది నేను. నేను వడ్రంగిని. ఊరి బడి పద్నాలుగో ఏట వదిలేశాను. ఆ బొమ్మల్లో ఆమె ఏం చూసేదో నాకు ఎప్పుడూ తెలియలేదు. చెత్త అని కూడా అన్నాను, చాలాసార్లు.

ఈ వసంతంలో మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. మెట్ల పక్క గోడ ఖాళీగా ఉందట. బొమ్మలు ఇస్తే హెస్టర్ కిల్బర్న్ పేరు రాసి అక్కడ పెడతారట. అయితే ముందు విలువ కట్టే మనిషి చూసి సరేననాలి. నాకు డబ్బు అక్కర్లేదు. ఆ పేరు ఆ గోడ మీద ఉండాలి. పిల్లింగ్ మెట్లెక్కినప్పుడల్లా దాన్ని చదవాలి. నాకు కావలసింది అంతే.

విలువ కట్టడానికి యార్క్ నుంచి ఫెన్విక్ అనే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, మాట మెత్తన, చూపు మాత్రం కాదు. మ్యూజియం కమిటీ తరఫున పిల్లింగ్ కూడా వచ్చి కూర్చున్నాడు. మార్కెట్ హాల్లో బల్లల మీద బొమ్మలు పరిచాను.

ముప్పై బొమ్మలు గబగబా చూసేసింది. “ఇవి వారపత్రికల్లో వచ్చినవి. శుభ్రంగా ఉన్నాయి, కానీ ఎక్కడైనా దొరుకుతాయి” అంది. మిగిలిన పదకొండు దగ్గర ఆగింది. భూతద్దం తీసింది. ఒకదాని మీద చాలాసేపు వంగి ఉంది. లావుపాటి బిషప్, అతని ముందు కొలబద్ద పట్టుకున్న వడ్రంగి. మా వంటింట్లో ముప్పై ఏళ్లు వేలాడిన బొమ్మ.

“అయ్యో” అంది.

“ఏమైంది?” అన్నాను.

“చాలా అరుదైనవండీ ఈ పదకొండూ. చేత్తో రంగులు వేసినవి. కానీ కింద అంచు కోసేశారు. అచ్చువేసినవాడి పేరు, తేదీ, బొమ్మ కింద మాటలు, అన్నీ ఆ అంచులోనే ఉంటాయి. అది పోయాక ఇక రంగు కాగితమే. వీటికోసమే మ్యూజియం వాళ్లు గోడ ఇస్తామన్నది.”

పిల్లింగ్ కుర్చీ వెనక్కి వాలాడు. “నేను కమిటీలో చెప్తూనే ఉన్నానమ్మా. కత్తెరమ్మ అని ఊరికే అన్నామా?”

నేను అతని కుర్చీ ముందుకెళ్లాను. “మళ్లీ అను.”

“కోప్పడతావేంటయ్యా ఆంబ్రోస్! ఆవిడే చెప్పింది. ఎవరమ్మా ఇంత పని చేసిందని సంఘంలో అందరం అడిగాం. నేనేనండీ, ఫ్రేములో పట్టలేదు, కోసేశాను అంది. ఇక్కడే, ఇదే బల్ల దగ్గర.”

నేను కూర్చున్నాను.

పెళ్లయిన రెండో చలికాలం. హెస్టర్ వాళ్ల అక్క పురిటికి సాయంగా వెళ్లింది. ఆమె వచ్చేలోపు ఫ్రేములు కట్టి ఆశ్చర్యపరచాలనుకున్నాను. కూల్చేసిన ఒక పూలగది నుంచి గాజు పలకలు పదకొండు దొరికాయి, అన్నీ ఒకే కొలత. కాగితాలు వాటికన్నా పొడవు. కింద అంచు మరకలుపడి, సన్నటి అక్షరాలతో మురికిగా కనిపించింది. ఉలి పెట్టి నీటుగా కోశాను.

ఆమె వచ్చి గోడ ముందు చాలాసేపు నిలబడింది. “చాలా బాగా చేశావు” అంది. తర్వాత, “ముక్కలు ఎక్కడ వేశావు?” అని అడిగింది. పొయ్యి అంటించే చితుకుల పెట్టెలో అన్నాను. ఇవాళ పొయ్యి నేను వెలిగిస్తాలే అంది. వెలిగించడానికి గంట పట్టింది. అది చూసి నేను నవ్వాను కూడా.

ఇదంతా తెలిసింది నాకొక్కడికే. నోరు మూసుకుంటే మూసుకోవచ్చు.

“కోసింది ఆమె కాదు. నేను” అన్నాను.

పిల్లింగ్ కుర్చీలో ముందుకు వంగాడు.

“ఆమెకు ఏమీ తెలియదు. ఇంట్లో కూడా లేదు. ఉలితో కోశాను. కత్తెర కూడా కాదు. ఇది మీ సంఘం పుస్తకంలో రాసుకో.”

ఫెన్విక్ గొంతు తగ్గించి, “కాగితం వెనక వైపు ఒకసారి చూడాలి. చెక్క తీయగలరా?” అంది. ఇక చూసి ఏం లాభం అనుకుంటూనే ఫ్రేము బోర్లా తిప్పాను. వెనక చెక్క పట్టి ఉంచే మేకులు పసుపు రంగులో మెరిశాయి. నాలుగూ ఇత్తడివి.

“ఇవి నావి కావు” అన్నాను.

“అంటే?”

“నేను ఇనప మేకులే కొడతాను. ఇది ఎవరో విప్పి మళ్లీ మూశారు.”

ఫెన్విక్ ఫ్రేము పట్టుకుంటే నేను మేకులు తీశాను. చెక్క కింద పలచటి కాగితంలో చుట్టి, నేను కోసిన అంచు ఉంది. ఒక మూలన కాస్త చితుకుల పెట్టె మసి అంటింది, అంతే. మిగతా పదీ విప్పాం. పదింటిలోనూ ఉన్నాయి.

“జిగురు కూడా పెట్టలేదండీ” అంది ఫెన్విక్. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. “అంటిస్తే పాడవుతుందని ఆవిడకి తెలుసు. వీటిని బొమ్మల కింద అలాగే పెట్టొచ్చు. గోడకి ఇక అడ్డేమీ లేదు. ఏమంటారు పిల్లింగ్ గారూ?”

పిల్లింగ్ తల ఊపాడు.

బిషప్ బొమ్మ కింద ఏముందో చూడబోయాను. కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది. పిల్లింగ్ లేచి వచ్చి, అడక్కుండానే ఆ ముక్క అందుకున్నాడు. గొంతు సవరించుకుని చదివాడు.

“బిషప్పేమో, ఒరే, ఈ ప్రసంగాల అరుగు ఇరుకైపోయిందేంట్రా అంటాడు. వడ్రంగి ఏమో, అరుగు కొలత అదే స్వామీ, తమరిదే మారింది అంటాడు.”

హాల్లో టీ పోసే ఆవిడ కూడా నవ్వింది. నేను నవ్వాను. హెస్టర్ పోయాక అదే మొదటిసారి. హెస్టర్ పెళ్లయ్యాక కొన్న మొదటి బొమ్మ అది, వడ్రంగి ఉన్నాడని కొంది. నాకోసం కొన్న హాస్యాన్ని నేనే కోసి చితుకుల పెట్టెలో వేశాను. ఆమె ఏరి దాచింది. నా తప్పు తన మీద వేసుకుని, ముప్పై ఏళ్లు ఆ పేరు మోసింది. నా పనితనం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

“పూలు తిప్పి పంపావు” అన్నాడు పిల్లింగ్.

“పంపాను.”

“మళ్లీ తెస్తే?”

“ఆమెకి తీసుకెళ్లు. నాకు కాదు.”

చదవడం మాత్రం బాగా చదివాడు. అంతకుమించి అతనికి నేనేమీ ఇవ్వను.

గోడ మీద రాయడానికి ఫెన్విక్ ఒక చీటీ రాసి చూపించింది. ‘హెస్టర్ కిల్బర్న్ పోగుచేసినవి.’ కింద ఇంకో వరస కలపమన్నాను. ‘కోసినవాడు భర్త. కాపాడింది ఆమె.’

“ఇలాంటివి మ్యూజియంలో రాయరండీ.”

“రాయండి.”

రాశారు.

పదకొండింటికీ కొత్త ఫ్రేములు కట్టాను, ఈసారి కాగితాన్ని కొలిచి. మేకులు మాత్రం ఆమెవే వాడాను, నలభై నాలుగూ. ఒకటి వంకర. సుత్తి తిన్నగా కొట్టడం ఆమెకు ఎప్పటికీ రాలేదు. దాన్ని సాపు చేయలేదు. అలాగే కొట్టాను.