కొంగలంక పడవ హారన్

నేను ఒక ఇత్తడి హారన్‌ని. వెనకాల నల్లటి రబ్బరు బుడ్డి, ముందు ఉమ్మెత్తపువ్వులాంటి నోరు. నేను ఒక్కసారి 'పోం' అన్నానంటే కొంగలంక మీది కొంగలన్నీ ఒక్కుమ్మడిగా లేచి సూర్యుణ్ణి కప్పేసేవి. కింద పడవలో జనం మిట్టమధ్యాహ్నం సెల్‌ఫోను లైట్లు వేసుకునేవారు. నవ్వకండి, వినండి.

పుట్టింది ఇత్తడి సామాను చేసేవాళ్ళ కొలిమిలో. తోడబుట్టినవాళ్ళు బిందెలై, గంటలై గౌరవంగా బతికారు. నన్ను మాత్రం ఒక లారీకి బిగించారు. ఎదురుగా ఎవరూ లేకపోయినా డ్రైవరు నన్ను నొక్కుతూనే ఉండేవాడు. తాను వస్తున్నట్టు లోకానికి తెలియకపోతే మనిషికి తోచదు. లారీ తుక్కులోకి పోయాక పాలఐసు ఆయన సైకిలెక్కాను. నా గొంతు విని జనం పక్కకి తప్పుకోకుండా ఎదురొచ్చింది అక్కడే. ఆయన మోకాళ్ళు అరిగిపోయాక సంగాడి పోసియ్య నన్ను తన పడవకి తగిలించుకున్నాడు.

గోదావరి సముద్రంలో కలిసేచోట మడచెట్లు కమ్ముకున్న దిబ్బ కొంగలంక. ఏటా ఎర్రకాళ్ళ కొంగలొచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కడతాయి. ఎదుటి ఒడ్డున పోసియ్య వాళ్ళ పేట. కొంగలున్నన్నాళ్ళూ అక్కడ పెళ్ళిళ్ళకి కూడా బాజాలుండవు. బెదిరి తల్లి లేచిందంటే గూట్లో పిల్లలు ఎండకీ కాకులకీ దక్కుతాయని వాళ్ళ పట్టింపు.

పేటకి తారురోడ్డు పడింది. రోడ్డు వెంట పర్యాటకులొచ్చారు. పోసియ్య వల చుట్టి పక్కన పెట్టి వాళ్ళని తిప్పడం మొదలెట్టాడు. ఒకరోజు ఎవరో "ఇవి ఎగరవా?" అని అడిగితే సరదాకి నన్ను నొక్కాడు. లంక లంకంతా లేచింది!

ఇక్కడ నా గొప్ప కాస్త దించుకోవాలి. కొంగలు లేచింది సరిగ్గా అప్పుడే పైనుంచి దూకిన గద్దని చూసి. నా 'పోం' వాటికి ఒక లెక్కే కాదు. నా మోతకి, గద్ద దూకేలోపు, ఒక ముసలి కొంగ నావైపు మెడ తిప్పి చూసి, మళ్ళీ ఈకలు సర్దుకుంది. అంతే. సూర్యుడు కూడా ఎక్కడివాడక్కడే ఉన్నాడు.

కానీ పడవలో ఎవరో తీసిన వీడియో ఫోన్లలో ఊళ్ళు తిరిగింది. మళ్ళీ ఆదివారానికి పడవలో కూర్చోవడానికి చోటు లేదు. పోసియ్య నన్ను నొక్కి నొక్కి చెమటలు కక్కాడు. ఒక్క కొంగ కదిలితే ఒట్టు. అప్పుడు బావమరిది భూషణం ఉపాయం చెప్పాడు. అతను లక్ష్మీబాంబు పట్టుకుని లంక వెనక దోనెలో నక్కుతాడు. నేను 'పోం' అనగానే ముట్టిస్తాడు. పేరు నాది, పేలుడు అతనిది.

పోసియ్య భార్య గంగరత్నం ఆ చెట్ల కింద బురదలో పీతలు పడుతుంది. ఒకనాడు బుట్ట పడవలో దించి మొగుడి ఎదురుగా నిలబడింది.

"మావా, గూళ్ళు కాళీ అయిపోతన్నాయి. తల్లి లేత్తే సాలు, కాకులు దిగిపోతన్నాయి. కింద పడ్డ పిల్లని మళ్ళీ ఎత్తుకోదు."

"రెండ్రోజులు పోతే అయ్యే సర్దుకుంటాయిలేయే."

"మన పెళ్ళికి బాజా ఒద్దన్నోడివి నువ్వే కాదేటి?"

"అప్పుడీ జనం ఎక్కడున్నారే? మళ్ళీ వలేసుకుని ఏం తినమంటావ్, ఇసకా?"

తర్వాతి ఆదివారం ఆమె పీతల బుట్టతో సహా పడవెక్కి నా పక్కనే కూర్చుంది.

ఎండ నిప్పులు చెరుగుతోంది. మిగిలిన పిల్లలకి అప్పుడే రెక్కలు ముదురుతున్నాయి. గూటి అంచు మీద నిలబడి తూలుతున్నాయి. తల్లులు రెక్కలు విప్పి నీడ పడుతున్నాయి. లంక వెనక భూషణం చేతిలో బాంబు ముట్టించడానికి నిప్పంటించిన తాడు, చెవి నా మీద.

"ఊదవయ్యా! వీడియో ఆన్ చేసి పెట్టాం," అన్నాడు పూలచొక్కా పెద్దమనిషి.

పోసియ్య చెయ్యి నా మీదికొచ్చింది. బుడ్డి మీద అప్పటికే గంగరత్నం చెయ్యి ఉంది.

"నొక్కు మావా. నా సెయ్యితో కలిపి నొక్కు."

పోసియ్య నొక్కలేదు, చెయ్యీ తియ్యలేదు. పెద్దమనిషికి ఓపిక నశించింది. "లేమ్మా, నేనే కొడతా," అని లేచాడు. పడవ ఒరిగింది. గంగరత్నం బుడ్డిని ఊడపీకి పీతల బుట్టలో పడేసింది.

"తీసుకోండి బాబూ."

డెక్కలు విప్పిన పీతల్ని చూసి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పౌరుషం మాత్రం తగ్గలేదు. నన్ను లాక్కుని నా వెడల్పు నోట్లోకి ఊదాడు. గాలి ఎటునుంచి రావాలో తెలియని పెద్దమనుషుల్ని నేను చాలామందినే చూశాను. ఉమ్మి తప్ప ఏమీ రాలేదు.

"నువ్వే ఒక కేకెయ్యవయ్యా!" అని పడవంతా గోల. నిజమే, ఒక్క కేక చాలు, భూషణం బాంబు ముట్టించేస్తాడు. పోసియ్య నోరు తెరిచాడు. ఎదురు కొమ్మ మీద ఒక పిల్ల అంచు దాకా వచ్చి తూలింది. తల్లి రెక్క ఇంకాస్త చాచింది. పోసియ్య నోరు మూసుకుని గడకర్ర అందుకున్నాడు.

"ఇయ్యాలికి హారను పాడైపోయిందండి."

పడవ తిరుగుతుండగా లంక చివర దోనె బయటపడింది. "ఏటి బావా, ఊదవే? తాడు నా ఏళ్ళదాకా కాలిపోతంది!" అన్నాడు భూషణం, రెండో చేతిలో బాంబుతో.

గుట్టు రట్టయింది. పెద్దమనిషి ఒకసారి బాంబునీ, ఒకసారి గూళ్ళనీ చూశాడు. కళ్ళు తుడుచుకుని గంగరత్నానికి చేతులు జోడించాడు.

ఇప్పుడు నేను బుడ్డి లేకుండా పోసియ్య గుమ్మంలో మేకుకి వేలాడుతున్నాను. అతను తెల్లారి వలేస్తాడు. ఎవరైనా వస్తే చప్పుడు చెయ్యకుండా దూరంగా తిప్పి తీసుకొస్తాడు. వచ్చేవాళ్ళు తక్కువే.

సూర్యుడి సంగతి ముందే ఒప్పుకున్నాను కనుక, కల్పించింది ఇంకొక్కటే ఉంది. పెద్దమనిషి చేతులు జోడించలేదు. ఒడ్డు చేరేదాకా మొగుణ్ణీ పెళ్ళాన్నీ కలిపి తిట్టాడు, రెండో విడతకి ఎక్కబోయేవాళ్ళని కూడా వెనక్కి పంపేశాడు. గంగరత్నం ఆ తిట్లు వింటూనే చెట్లవైపు తిరిగి కూర్చుంది. గూళ్ళలోంచి ఒక్క పిల్లా రాలలేదు.