సున్నిపిండి డబ్బా

కర్నూలులో నాగలత ఇంటి మేడ మీది గదిలోకి కెన్యా దేశపు అకిన్యి అద్దెకు వచ్చి ఏడాదైంది. దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది, వీధిలో వాళ్ళ తెలుగు నేర్చుకుంది. వీధిలో వాళ్ళకు ఆమెను అడగడానికి రెండే ప్రశ్నలు: మీ ఇళ్ళ దగ్గర సింహాలు తిరుగుతాయా, ఆ జుట్టు నిజమైనదేనా. రెండోదానికి జవాబు వచ్చేలోపే చెయ్యి జుట్టు మీద ఉండేది. అకిన్యి నవ్వి ఊరుకునేది. నాగలత ఊరుకునేది కాదు, కసిరేది. వీధి మొత్తానికి లోకజ్ఞానం ఉన్నది తనకొక్కదానికేనని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే సోమవారం నాడు పెసలు, బావంచాలు, కస్తూరి పసుపు దగ్గరుండి మరపట్టించి, డబ్బా నిండా సున్నిపిండి తెచ్చి ఇచ్చింది.

"రెండు నెల్లు రాసుకో పాపా, రంగు తేలుతావు."

అకిన్యి డబ్బా తీసుకుని పైకి వెళ్ళింది. ఆ రోజు నుంచి సాయంత్రం టీకి కిందికి రాలేదు. గురువారం పక్కింటి బషీరాబీ గోడ మీదుగా కబురు చెప్పింది.

"మీ టీచరమ్మ బస్టాండు కాడ గది చూసుకుంటాండాదంట. ఏమన్నావు తల్లీ ఆయమ్మను?"

"ఏమీ అనలేదే. సున్నిపిండి ఇస్తి."

"ఓహో. మీ అత్త నీకిచ్చినట్లా?"

నాగలత పెళ్ళయింది మొదలు అత్తగారు కడప నుంచి నెలకో డబ్బా పంపేది, మావాడు పచ్చగా ఉంటాడు గదా అన్న మాటతో సహా. అందులో చిటికెడు కూడా నాగలత ఒంటికి తగల్లేదు. ఇత్తడి బిందెలు మాత్రం మిలమిలలాడేవి. చూడవచ్చినప్పుడల్లా అత్తగారు బిందెలను మెచ్చుకునేది, పిండిని అనుమానించేది.

నాగలత రెండు గ్లాసుల్లో టీ పోసుకుని మేడ ఎక్కింది. తలుపు తీసిన అకిన్యి వెనక, కిటికీలో, తను వాడుకొమ్మని ఇచ్చిన పాత ఇత్తడి చెంబు తళతళలాడుతోంది. పక్కనే సగం ఖాళీ అయిన డబ్బా.

"తప్పు చేసినా పాపా," అంది నాగలత.

"సింహాల సంగతి అడిగేవాళ్ళు తెలీక అడుగుతారక్కా. నువ్వు ప్రేమగా ఇచ్చినావు. అందుకే శానా నొచ్చుకున్నా."

నాగలత చెంబు వైపు చూపించి, "నేనూ పదేండ్లు బిందెలే తోమినా దాంతో," అని అత్తగారి కథంతా చెప్పింది. అకిన్యి నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకుంది.

"మరి బస్టాండు కాడ గది?"

"చూసినా. ఆడ నీళ్ళు మూడు దినాలకొకసారి వస్తాయంట," అంటూ అకిన్యి ఖాళీ గ్లాసు చాచింది. "టీ అయితే అసలు రాదంట."