మేస్త్రీ ఊరుకున్న ఇరవై రెండు సెకన్లు

మేనకోడలు ఒక్క బటను నొక్కి, హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. మామయ్యకు అనుమానం పుట్టింది అప్పుడే.

మొత్తం ఎనభై ఆరు ఫైళ్లు. గోడౌనులో సామాను లిఫ్టు చెయిను తెగి ఇద్దరు హమాలీలు పోయారు. దాని మీద కూర్చున్న విచారణ కమిటీ ముందు జనం చెప్పిన సాక్ష్యాలవి. ఫ్యాను రొద తీసి, గొంతులన్నీ ఒక మట్టానికి తెచ్చి, పేరూ తేదీ పెట్టి అప్పగించడం ఈ ఇద్దరి పని. చేత్తో చేస్తే మామయ్యకు పన్నెండు రోజులు పడుతుంది. పిల్ల గంటన్నర చాలంటోంది.

"నువ్వు వినవా?" అన్నాడు.

"ఏం వినాలి మామయ్యా? ఒక ఫైలుకు మనం ఏమేం చేస్తామో వరసగా రాసిపెట్టాను. కంప్యూటరే ఒక్కోటీ తెరుచుకుంటుంది, అన్నీ చేస్తుంది, మూసేసుకుంటుంది."

"ఎవరూ చూడకుండానా?"

"నువ్వు చూస్తున్నావుగా, రెప్ప వెయ్యకుండా. అది పారిపోతుందా ఏంటి?"

మామయ్య నవ్వలేదు. ఆయన నవ్వడమే అరుదు. బజారులో అందరూ ఆయన్ని చెవులాయన అంటారు. మాట తక్కువ, వినికిడి ఎక్కువ. మేడ మీద టైలరు మిషనులో సూది మొద్దుబారితే కింద కూర్చుని చెప్పేవాడు. అలాంటివాడికి, వినకుండా చేసే పని మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

దానికి తోడు ఇంకో ముల్లు గుచ్చుకుని ఉంది. మొన్న బుధవారం ఆయన టీ తాగి వచ్చేసరికి హమాలీల చేత పని చేయించే గోడౌను మేస్త్రీ షాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిల్లతో ఏదో చెబుతున్నవాడల్లా ఈయన్ని చూసి నోరు కట్టేసుకున్నాడు. తల వంచుకుని వెళ్లిపోయాడు. పిల్ల ఏమీ చెప్పలేదు. ఈయన అడగలేదు.

మర్నాడు పొద్దున పిల్ల ఫైళ్లు కమిటీ ఆఫీసులో ఇచ్చి వచ్చింది. సాక్ష్యాలు చెవులారా విన్న అధికారికి బదిలీ అయింది. కొత్తాయన ఆ సాయంత్రం నాలుగింటికి కూర్చుని ఈ ఫైళ్లే వింటాడు, విని రిపోర్టు రాస్తాడు.

మధ్యాహ్నం పిల్ల భోజనానికి లేవగానే మామయ్య ఆమె కుర్చీలో కూర్చున్నాడు. అసలు రికార్డింగు ఒక పక్క, శుభ్రం చేసింది ఒక పక్క పెట్టుకుని నిడివి చూసుకుంటూ పోయాడు. ఒక ఫైలు రెండు నిమిషాలు తగ్గింది. ఇంకొకటి మూడు. మేస్త్రీ సాక్ష్యం మాత్రం ఎనిమిది నిమిషాలు తగ్గింది.

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

'చెయిను అరిగిందని నీకు ముందే తెలుసా?' అని పాత అధికారి గొంతు.

'తెలీదండీ,' అని మేస్త్రీ. అడిగీ అడగ్గానే, తడుముకోకుండా.

విచారణ రోజు హాల్లో రికార్డు చేసింది మామయ్యే. మేస్త్రీ అంత తొందరగా చెప్పలేదు. కుర్చీ అల్లిక పీకుతూ కూర్చున్నాడు. చచ్చిపోయినవాళ్లలో ఒకడి తల్లి ముందు వరసలో ఉంది. ఆమె వైపు చూశాడు, నేల చూశాడు, అప్పుడు చెప్పాడు. అసలు రికార్డింగు పెట్టి వాచీ చూసుకున్నాడు. ఇరవై రెండు సెకన్లు.

పిల్ల చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"మేస్త్రీ ఎందుకొచ్చాడు ఆ రోజు?"

"ఏ రోజు?"

"నాకు తెలీదనుకోకు."

పిల్ల ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. "తను చెప్పింది ఒకసారి వినిపించమన్నాడు. కుదరదు, కమిటీని అడుక్కో అన్నాను. అంతే. ఏం?"

"అంతేనా? మరి వాడు నోరు మూసుకున్నదంతా ఎవరు కోశారు?"

హెడ్‌ఫోన్లు ఆమె చేతిలో పెట్టాడు. విన్నది. గబగబా తను రాసిపెట్టిన వరస తెరిచింది. ఒకటి, ఫ్యాను రొద. రెండు, మట్టం. మూడు, సెకనున్నర దాటిన ఖాళీ ఎక్కడుంటే అక్కడ అరసెకనుకు కుదించడం.

"మూడోది ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు.

"నువ్వే."

"నేనా?"

"నాకు పని నేర్పిన రోజు నుంచీ చెబుతున్నావుగా మామయ్యా, ఖాళీలు ఉంచకు, వినేవాడికి విసుగు అని. ఉపన్యాసాలకైనా పాఠాలకైనా అంతే. అప్పట్లో వంతెన కూలిందని విచారణ పెట్టినప్పుడు నీ పక్కన కూర్చుని చూశాను. దగ్గులు, ఆవలింతలు, ఖాళీలు అన్నీ కోసేవాడివి. నువ్వు చేసేదే నేను రాశాను. సొంతంగా ఒక్క ముక్క కలపలేదు."

పిల్ల మీద పెట్టుకున్న అనుమానం నిలబడడానికి చోటు లేక మామయ్య మీదికే తిరిగింది. వంతెన విచారణలో ఎవరెవరు ఎంతెంతసేపు ఊరుకున్నారో గుర్తు తెచ్చుకోబోయాడు. ఒక్కరూ గుర్తు రాలేదు.

"ఆ మూడోది తీసేసి మళ్లీ నడిపిస్తాను. గంటన్నర," అంది పిల్ల.

"టైమెంత?"

"మూడుంపావు."

"నడవనీ. నాలుగింటికి ఆయన వినడం మొదలెడతాడు. అసలువి పట్టుకుని పద."

కమిటీ ఆఫీసులో కొత్త అధికారి చెవికి బిగించుకున్న హెడ్‌ఫోన్లు కిందికి దించి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"పొద్దున ఇచ్చి, సాయంత్రం వచ్చి మార్చమంటే ఏమనుకోవాలి? మీ దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"మిషను..." అని పిల్ల మొదలుపెట్టింది.

"మిషను కాదండీ," అన్నాడు మామయ్య. "అది చెప్పింది చేసింది. చెప్పింది నేను. మేస్త్రీ సాక్ష్యం ఒక్కటి అసలుది వినండి, తర్వాత మమ్మల్ని ఏమైనా అనండి."

అధికారి ముఖం చిట్లించుకునే ఒప్పుకున్నాడు. గదిలో అందరికీ వినపడేలా పెట్టించాడు. ప్రశ్న వచ్చింది. తర్వాత ఫ్యాను. ఫ్యాను మాత్రమే. గుమాస్తా కాగితం తిప్పబోయి ఆగాడు. అధికారి వంగి తెర వైపు చూశాడు.

"ఆగిపోయిందా?"

"లేదండీ, నడుస్తోంది."

'...తెలీదండీ.'

అధికారి ఇంకోసారి పెట్టమన్నాడు. ఈసారి తన వాచీ చూసుకుంటూ విన్నాడు. విని కలం తీసి ఏదో రాసుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు:

"వంతెన విచారణ ఫైళ్లు కూడా మీవేగా?"

పిల్ల మామయ్య చొక్కా చెయ్యి పట్టి లాగింది. ఆయన లాక్కున్నాడు.

"మావే. వాటిలోనూ కోశాను. చేత్తో."

"అసలువి ఉన్నాయా?"

"కొన్ని ఉండాలి. వెతకాలి."

అధికారి గుమాస్తా వైపు తిరిగాడు. "ఈయన పేరూ అడ్రసూ రాసుకో," అన్నాడు.

మామయ్య కుర్చీ లాక్కుని కూర్చుని, గుమాస్తా రాసేదాకా ఒక్కో అక్షరం నిదానంగా చెప్పాడు.