పురిటికొచ్చిన గూడబాతులు

ఒక్క ఫిల్ముచుట్టలో ఎనిమిది బొమ్మలు పడతాయి. ఏలూరు ఛాయాగ్రాహక మిత్రమండలిలో సభ్యులు నలుగురు. మనిషికి రెండేసి. ఉన్నది ఒకటే పెట్టెకెమెరా, ఫిల్మేమో బెజవాడ నుంచి రావాలి, అందుకని ఆ పద్ధతి పెట్టుకున్నారు. ఇంకో నియమం కూడా ఉంది. ఏడాది తిరిగేలోగా ఒక్క బొమ్మయినా మండలి ఆల్బంలోకి ఎక్కకపోతే, ఆ సభ్యుడు తన చోటు మరొకరికి వదలాలి.

కోదండరామయ్యకు ఈ ఆదివారం తీసే బొమ్మలతో ఏడాది నిండుతుంది. ఆల్బంలో ఆయనది ఒక్కటీ లేదు. జిల్లా బోర్డు ఆఫీసులో గుమాస్తా. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆదివారమంటే ఆయనకు గుబులుగా ఉండేది. మండలిలో మిగతా ముగ్గురూ కలిశాక, ఆదివారం కోసం శుక్రవారమే జుబ్బా ఉతికి ఆరేసుకుంటున్నాడు.

మిషను స్కూలు టీచరు రాజకుమారి చర్చి నుంచి వచ్చాకే ప్రయాణం. పదిన్నర పాసింజరెక్కి, తాడేపల్లిగూడెంలో దిగి, జట్కాలో ఆ పల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరి మొగలో తలెత్తగానే నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఇళ్ళ మధ్య ప్రతి తాడిచెట్టు మీదా గూడబాతులే! బారెడు రెక్కలు చాపుకుని, గొంతుసంచుల నిండా చేపలతో కొల్లేటి వైపు నుంచి వచ్చి వాలుతున్నాయి. గూటిలో పిల్లలు తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చి తింటున్నాయి.

"అది పడాలండీ, ఆ తినడం పడాలి!" అంటూ మండలి అధ్యక్షుడు, ప్లీడరు పాండురంగారావు రెండు బొమ్మలూ తీసేశాడు. తరవాత కాంపౌండరు పాపారావు, ఆ తరవాత రాజకుమారి. కానీ కిందనుంచి తీస్తే పక్షుల పొట్టలు తప్ప ఏం పడతాయి? కోదండరామయ్య కళ్ళు మాత్రం ఒక పొట్టి తాడిచెట్టు పక్కన, నిచ్చెన వేసి ఉన్న గడ్డిమేటు మీద పడ్డాయి.

"అమ్మా, మేటెక్కి ఒక్క ఫోటో తీసుకుంటానండి," అన్నాడు ఆ ఇంటావిడ కనకమ్మతో.

ఆవిడ నడుంమీద చేతులేసుకుంది. "పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలండీ అవి. మా ఊళ్ళో రాయి కూడా విసరం. పురిటిగదిలోకి మగాళ్ళు తొంగిచూస్తారటండీ?"

"మంత్రసానినని చెప్పండి గుమాస్తాగారూ," అన్నాడు పాపారావు.

కనకమ్మకూ నవ్వొచ్చింది. "సరేగానీ, ముందు నాదొకటి తియ్యండి. అరవై ఏళ్ళొచ్చాయి. నా మొహం నేను చెంబులో నీళ్ళల్లో చూసుకోవడమే."

ఉన్నవి రెండు. ఒకటి ఇచ్చేస్తే మిగిలేది ఒక్కటే. అయినా ఆయన కాదనలేకపోయాడు. భార్య ఫోటో ఒక్కటీ తన దగ్గర లేదు.

కనకమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని వచ్చి అరుగుమీద బిగుసుకుని కూర్చుంది. ఆయన మీట నొక్కాడో లేదో, నెత్తిమీద రెక్కల చప్పుడు! తల్లిపక్షి పొట్టి తాడి మీద వాలుతోంది. కోదండరామయ్య పరుగెత్తాడు. నిచ్చెనా, మేటూ ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. పిల్ల తల గొంతులోకి దూరింది. మీట నొక్కాడు.

"పడిందండోయ్!" అని కేకేశాడు.

ఫిల్ము తిప్పుదామని కెమెరా వెనక, బొమ్మ నంబరు కనపడే ఎర్ర అద్దంలోకి చూశాడు. ఏడు. ఎనిమిది ఉండాల్సిన చోట ఏడు! కనకమ్మను తీశాక ఫిల్ము తిప్పనే లేదు. ఆవిడ పడ్డ చోటే పక్షీ పడింది. రెండూ పాడయ్యాయి.

"ఏడు మీద మళ్ళీ ఏడే తీశానండీ," అన్నాడు పైనుంచి నీరసంగా.

"అయితే ఆ ఎనిమిది పక్షికి కొట్టెయ్యండి," అన్నాడు పాపారావు. "మీ ఏడాది సంగతి చూసుకోండి. ఆవిడకేం తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదండీ."

గూట్లో రెండో పిల్ల నోరు తెరిచి గోల చేస్తోంది. తల్లి మెడ వంచుతోంది. కోదండరామయ్య పక్షి వైపు చూశాడు, అరుగు వైపు చూశాడు.

"కనకమ్మగారూ! మీరు పైకి రాగలరా?"

"ఈ మేటు వేసినప్పుడు పైనెక్కి తొక్కిందెవరనుకున్నారు?" అంటూ ఆవిడ చీర ఎగదోపుకుంది. రాజకుమారి నిచ్చెన పట్టుకుంది. కోదండరామయ్య ఈసారి నంబరు పైకి చదువుతూ ఫిల్ము తిప్పి, మేటు చివరికంటా వెనక్కి జరిగాడు.

"కెమెరాకేసి చూడాలమ్మా! నవ్వకూడదు, కదలకూడదు!" అని కిందనుంచి పాండురంగారావు అరిచాడు.

కనకమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది. అంతలో వెనక పిల్ల కీచుమంది. ఆవిడ గిరుక్కున తిరిగి, "ఓసి నీ తిండి తగలెయ్య, మెల్లిగా మింగవే!" అంది. కోదండరామయ్య వేలు అప్పటికే మీట మీద దిగిపోయింది.

రాత్రే ఫిల్ము కడిగి, మర్నాడు పొద్దున్నే పనుల్లోకి వెళ్ళకముందు రాజకుమారి ఇంటి డాబామీద, ఫిల్ము కింద చట్రంలో బిగించిన కాగితాలు ఎండలో పెట్టి నలుగురూ చుట్టూ కూర్చున్నారు. బొమ్మలు నెమ్మదిగా ఎర్రబడుతూ తేలాయి. ఏడోదాంట్లో కనకమ్మ నెత్తిన గూడు మోస్తోంది. పాపారావు నవ్వాపుకోలేకపోయాడు. ఎనిమిదోదాంట్లో ఆవిడ కెమెరాకేసి చూడటం లేదు. సగం వెనక్కి తిరిగి, ఒక చెయ్యి ఎత్తి నవ్వుతోంది. చేతికందేంత దూరంలో ఉన్నట్టు తల్లిపక్షి, దాని గొంతులో మెడదాకా మునిగిన పిల్ల.

పాండురంగారావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"కదలొద్దని చెప్పానండీ ఆవిడకి," అన్నాడు ప్లీడరు. ఆ బొమ్మ చేతిలోకి తీసుకుని, "నా మాట విననందుకు ఆవిడకి రెండు కాపీలివ్వాలి. పాపారావుగారూ, ఆ జిగురు సీసా ఇలా అందుకోండి," అని ఆల్బం తెరిచాడు.