మాట్లాడని మంచుబండి

మంచుబండి మాట్లాడాలని మా అత్తారి ఊళ్లో అంటారు. చక్రాల్లేకుండా మంచు మీద జారే చెక్కబండి అది. కొండ దిగుతున్నంతసేపూ దాని కీళ్లన్నీ కటకటలాడుతూనే ఉండాలట. నేనేమో కింది లోయలో గుర్రబ్బళ్లు చేసే వడ్రంగి కూతుర్ని. తన చేతిలోంచి వెళ్లిన బండి కాస్త కిర్రుమన్నదని తెలిస్తే మా నాన్నకు ఆ పూట ముద్ద దిగేది కాదు. వదులు బండి అంటే మా ఇంట్లో సిగ్గుచేటు. అలాంటి ఇంటినుంచి ఈ టిరోల్ కొండల్లోకి, విగిల్‌కి పెళ్లామై వచ్చాను.

ఇక్కడ వేసవిలో పైన కోసిన గడ్డి పైనే కొట్టంలో ఉండిపోతుంది. చలికాలం దారి గట్టిపడ్డాక మగవాళ్లు ఖాళీ బండ్లను భుజాన వేసుకుని ఎక్కుతారు. గడ్డి కట్టుకుని, బండి ముందు పైకి లేచిన రెండు కొమ్ముల మధ్య నిలబడి, జారుకుంటూ దిగుతారు. వెనక ఆరుగురు మనుషుల బరువుంటుంది. ఆపడానికైనా తిప్పడానికైనా మడమలే దిక్కు. మలుపులో ఒక కొమ్మును లాగి రెండోదాన్ని తోస్తే బండి ఒళ్లంతా మెలి తిరుగుతుంది. కీళ్లు వదులుగా ఉంటేనే ఆ మెలిక. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలియాల్సినప్పుడు తెలిసి చావలేదు.

పెళ్లయిన మొదటి చలికాలం బండి అడుగు పట్టాలకు ఇరుసు జిడ్డు పూసి పెట్టాను. అక్కడ పూయాల్సింది పందితోలు కొవ్వట. విగిల్ చుట్టాల ముందు పగలబడి నవ్వాడు.

"చూడండర్రా, మా ఆవిడ దీనికి చక్రాలెక్కడున్నాయా అని వెతుకుతోంది!"

నాకు ఒళ్లు మండిపోయింది. మూట కట్టుకుని పుట్టింటికి బయల్దేరాను. ఊరి చివర శిలువ దగ్గర రొప్పుకుంటూ వచ్చి నన్ను పట్టుకున్నాడు. శిలువ మీద చెయ్యేసి, "నీ చేతిపని చూసి ఇంకోసారి నవ్వితే నా నాలుక పడిపోనీ" అన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. ఖర్మ!

యుద్ధం ముగిసిన రెండో ఏడు, ఫిబ్రవరి నెల. ఇంట్లో గడ్డి అయిపోవచ్చింది. ఉన్నది ఒక్క ఆవు, అదీ చూలుతో ఉంది. సోమవారం ఊరి మగవాళ్లంతా పైకి వెళ్దామనుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం విగిల్ చర్చికి వెళ్లాడు. పట్టాల తుప్పు రాయితో గీకి, కొవ్వు రుద్ది, బండిని గోడకు ఆనించి వెళ్లాడు. దాన్ని ఊపి చూశాను. ఎక్కడ పట్టుకున్నా లొడలొడ! పాపం, పని ఒత్తిడిలో చూసుకోలేదనుకున్నాను. దీన్ని నమ్ముకుని ఆ కొండ ఎలా దిగుతాడని గుండె జారిపోయింది. ఎండు చెక్కతో చీలలు చెక్కి, ఒక్కో కీలులో దిగగొట్టి, ఉబ్బి బిగుసుకోవాలని తడిపాను. మా నాన్న నేర్పిన పనే. సాయంత్రానికి బండి రాయిలా అయింది.

తెల్లారి విగిల్ బండిని ఎత్తాడు. ఆగాడు. ఒకసారి ఊపాడు.

"ఎవరు చేశారే ఇది?"

"ఇంకెవరు? నేనే. ఎలా ఉందయ్యా?"

బండిని చూశాడు, నన్ను చూశాడు. "గట్టిగా ఉంది బుర్గా. మీ నాన్న చూస్తే మెచ్చుకునేవాడు" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆ పొద్దంతా నేను నేల మీద నడవలేదు.

మధ్యాహ్నానికి ఆడవాళ్లమంతా దారి కింద చేరాం. చప్పుడును బట్టి ఎవరి బండి ఏదో ఇక్కడి పెళ్లాలకు తెలుస్తుంది. అడవిలోంచి కటకటలు మొదలయ్యాయి.

"నీది వినపడదేం బుర్గా?" అంది పక్కింటావిడ.

"మాది మీ వాటిలా వాగదమ్మా. మర్యాదగల బండి!" అన్నాను. అని నవ్వాను. నా నోరు పడిపోను, నవ్వాను.

ఉన్నట్టుండి కటకటలన్నీ ఆగిపోయాయి. చాలాసేపటికి ఒకే బండి వచ్చింది, మెల్లగా. లాగుతున్నది మా మరిది కాసియన్. నెత్తిన టోపీ లేదు. గడ్డి మీద విగిల్ పడుకుని ఉన్నాడు. మూడో మలుపులో బండి తిరగలేదు, తిన్నగా పోయి చెట్టును గుద్దుకుంది. వెనకున్న బరువంతా వచ్చి అతని ఛాతీ మీద పడింది. ఇల్లు చేరకముందే ప్రాణం పోయింది.

"అక్కడ నీరు గడ్డకట్టి ఉంది, కాలు నిలవలేదు" అని కాసియన్ అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు, నేనూ నమ్మాను.

పాతిపెట్టిన మూడో రోజు కాసియన్ పశువుల కొట్టంలోకి వచ్చాడు. చేతిరుమాలు విప్పి నా ముందు పెట్టాడు. అందులో నా చీలలున్నాయి.

"వదినా, ఇవి నీవేగా?"

"నావే. ఊడిపోయాయా?"

"ఊడలేదు. అందుకే బండి తిరగలేదు." నా మొహం చూడలేక ఆవు వైపు తిరిగాడు. బండి ఎందుకు వదులుగా ఉండాలో అప్పుడు చెప్పాడు.

"మరి మీ అన్నకి తెలియదా?"

"ఎందుకు తెలియదు! 'పీకెయ్ అన్నా, గొడ్డలి వెనకతో నాలుగు దెబ్బలు చాలు' అని పైన నేను మొత్తుకున్నాను. వింటేగా! 'అది కింద చెవులు రిక్కించుకుని ఉంటుందిరా. బండి మోగిందంటే పీకేశానని తెలిసిపోతుంది, చిన్నబుచ్చుకుంటుంది. ఇవాళ్టికి నెమ్మదిగా దిగుతాలే. రేపు మంచిగా చెప్పుకుంటాను' అన్నాడు."

నెమ్మదిగా దిగుతాడట! ఆ బరువుతో, ఆ మలుపులో!

ఓరి నా వెర్రి మొగుడా, నవ్వితే నీ సొమ్మేం పోయింది? చుట్టాలందరి ముందూ నవ్వాల్సింది. బుద్ధిలేనిదానా అని తిట్టాల్సింది. నేను మళ్లీ మూట కట్టుకుని శిలువ దాకా పోయేదాన్ని. నువ్వు మళ్లీ రొప్పుకుంటూ వెనక వచ్చేవాడివి. అంతేగా!

ఆవు ఆకలికి అరిచింది. గడ్డి ఇంకా పైనే ఉంది. మర్నాడు కాసియన్ తన బండి తెచ్చి వాకిట్లో ఊపి చూపించాడు. కటకటమంది.

"ఇంకా వదులు చెయ్యి" అన్నాను.

"ఇంతకంటే అక్కర్లేదు వదినా."

"చెయ్యి" అన్నాను.