చేతులు కలవని రాయి

మా ఆయనకి కూర్చోవడం రాదు. నిజంగానే రాదు. అంబలి తాగడానికి కూడా గొంతుక్కూర్చుని, వెనక ఎవరో తరుముతున్నట్టు గటగటా తాగి లేచిపోతాడు. పేరు భీముడు. పేరు పెట్టిన పాపానికి ఒళ్లు కూడా అలాగే పెంచాడని నేను దెప్పుతూ ఉంటాను.

పెళ్లయి పాతికేళ్లు దాటింది. ఈ పాతికేళ్లలో నేను కళ్లు తెరిచేసరికి ఆయన పక్కన ఉన్న రోజు ఒక్కటీ లేదు. కోడి గొంతు సవరించుకునేసరికే మద్దిదుంగ భుజాన వేసుకుని కొండ ఎక్కుతూ ఉంటాడు. దిగి వచ్చి వాగులో మునిగి, పశువుల పాక వెనక దండీలు, బస్కీలు తీస్తాడు. కుర్రతనంలో పాచిపెంట మీదుగా సాలూరు సంతకి పసుపు కావడి మోసుకెళ్లినప్పుడు అక్కడి వస్తాదు ఒకాయన నేర్పిన విద్య అది. పోడు నరికి, కావడి మోసి, కట్టెలు కొట్టే మనిషికి మళ్లీ కసరత్తెందుకని మా ఊరంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఆయన పట్టించుకోలేదు. చోడి అంబలి, ఉడికించిన ఉలవలు, దొరికిన రోజున వాగు చేప, అంతే తిండి. ఊరు ఊరంతా జీలుగు కల్లులో తేలుతున్న రోజుల్లో కూడా ఈయన నీళ్లు తాగుతాడు. ఇక నల్లమందు పేరెత్తితే కొట్టడానికి వస్తాడు.

దానికి కారణం మా మామ. ఆ కాలంలో తల్లి రాయి ఎత్తినవాడు ఆయనే. మా ఊరి తల్లికి గుడి లేదు. పనసచెట్టు కింద గద్దె మీద ఒక గుండ్రాయి, అదే తల్లి. చైత్ర పండగనాడు ఒక మనిషి ఒంటరిగా ఆ రాయిని భుజానికెత్తి, విత్తనాల బుట్టల చుట్టూ తిరిగి మళ్లీ గద్దె మీద పెట్టాలి. ఆ తరవాతే దిసారి, అంటే ముహూర్తాలు పెట్టే మా పూజారి, విత్తనం పంచుతాడు. రాయి మూడుసార్లు నేలకి తగిలిందంటే తల్లి ఆ మనిషిని వద్దన్నట్టే. ఆ పైన వాడు జన్మలో రాయి ముట్టకూడదు. ఎత్తే రోజున నోట కల్లూ, నల్లమందూ పడకూడదు. మామకి చలిజ్వరం వచ్చింది. జ్వరానికని నల్లమందు మింగాడు. జ్వరం పోయింది గానీ మందు పోలేదు. తరవాత భుజం నొప్పికి, ఆ తరవాత ఊరికే. చివరికి బిందెడు నీళ్లు ఎత్తలేక వాగు ఒడ్డున కూర్చుని ఏడుస్తుంటే కొడుకు చూశాడు. ఆ కొడుకే మా ఆయన. మరుసటి ఏడు రాయి ఆయనే ఎత్తాడు. అప్పటినుంచీ ఏటా ఆయనే.

దొరల మీద లేచిన పితూరీ అణిగాక ఘాటు రోడ్డు పనికి ఇంటికొక మనిషిని పిలిచారు. ఆ పనిలో బండలు దొర్లిస్తూ ఈయన కుడి భుజం పట్టేసింది. ఇక చూసుకోండి. ఆ ఏడు మాఘం వెళ్లిన దగ్గర్నుంచీ కంటపడిన ప్రతిదాన్నీ ఎత్తి చూడటం మొదలెట్టాడు. రోలు ఎత్తాడు. దూడని ఎత్తాడు, ఆవు కొమ్ము విసిరింది. ఒకరోజు చోళ్లు దంచుతున్న నన్నే రోకలితో సహా ఎత్తేశాడు.

"దించు మావా! ఎవులైనా సూత్తే నవ్విపోతారు," అన్నాను.

"నువ్వు కూడా బరువైపోనావే గంగా," అన్నాడు దిగులుగా.

"నాను బరువవనేదు. నీకు మతి పోనాది."

ఆయన నవ్వలేదు. నన్ను దించి, రెండు చేతులూ ముందుకి చాపి వాటినే చూసుకుంటూ నిలబడ్డాడు.

"తొలీత ఎత్తినపుడు రాయిని కావిలించుకుంటే ఈ సేతి వేళ్లూ ఆ సేతి వేళ్లూ ముడిపడీవి. కిందటేడు జానెడు తేడా ఉండిపోనాది. వయసొత్తే సేతులు పొట్టయిపోతాయా ఏటి?"

ఆ మాటకి నాకు నవ్వు రావాలి. రాలేదు. ఏళ్ల తరబడి ఇది మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట. అందుకే ఆ పరుగు, ఆ దుంగ, ఆ నిద్రలేని ఒళ్లు. రాయి ఏటికేడూ బరువెక్కుతోందంటే తను ఏటికేడూ తరిగిపోతున్నాననే ఆయన లెక్క. నాలుగు దండీలు ఎక్కువ తీస్తే ఆ తరుగు పూడుతుందనుకుని ఒంటిని గానుగెద్దులా తిప్పుతున్నాడు.

మా మరిది మంగరాజు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అన్న చేతిలో రాయి జారితే ఊళ్లో తల ఎత్తుకోలేనని అతని బాధ. పండగ ఇంకో వారం ఉందనగా ఒక సాయంత్రం మోదుగాకు పొట్లం తెచ్చి అన్న చేతిలో పెట్టాడు.

"ఆవగింజంతే, అన్నా. భుజం నొప్పి తెలీదు. దిసారి నోరు వాసన సూత్తే కల్లు దొరుకుతాది గానీ ఇది దొరకదు. ఒక్కనాటికే గదా."

ఈయన ఇప్పుడు మరిదిని గుమ్మం అవతలికి విసిరేస్తాడని నేను పక్కకి తప్పుకున్నాను. విసరలేదు. పొట్లం వైపు కాసేపు చూసి, లేచి, చూరులో దోపాడు. కొట్టి ఉంటే నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టేది.

నాకు భయం వేసింది. రాయి పోతే పోనీ. రాయి లేకపోయినా మేం బతుకుతాం. కానీ ఆ పొట్లం విప్పితే నేను ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఉండడు, మా మామ ఉంటాడు. నేనే తీసి పారేద్దామని రెండుసార్లు చూరు దాకా చెయ్యెత్తాను. నేను పారేస్తే ఇంకొకటి తెచ్చుకోలేడా? ఆయనే పారెయ్యాలి. తిట్టుకుంటూ చెయ్యి దించేశాను.

పండగ ముందురోజు ఊరి ఆడవాళ్లం తల్లికి కొత్త చీర కడతాం. చీరంటే బట్ట కాదు. ఎర్రమట్టి, పసుపు, కరగబెట్టిన గుగ్గిలం కలిపి రాయికి పూత పూయడం. గుగ్గిలం ఉండబట్టి వానకి కరగదు. పాత పూత గీకడం మహాపాపం, తల్లి చర్మం ఒలిచినట్టు. మేం మట్టి కలుపుతుండగా నేను రాయి వెనక వైపు చెయ్యి వేశాను. ఆ ఏడు ఎండకి అక్కడ పూత నెర్రె విచ్చింది. పూడుద్దామని వేలు పెట్టాను. వేలు లోపలికి పోయింది. ఇంకా పోయింది. మొదలంటా దిగాక గానీ చల్లటి రాయి తగల్లేదు.

నేను అలాగే వేలు పెట్టి ఉండిపోయాను. పక్కన మా అత్త అప్పలనర్సమ్మ మట్టి పిసుకుతోంది.

"అత్తా, నీ కాలంలో కూడా ఇలాగే మట్టి పూసీవోరా?"

"మట్టి ఏటే గుంటా? మేం పసుపునీళ్లతో కడిగీవోళ్లం. నీ మొగుడు ఎత్తడం మొదలెట్టిన ఏడే గదా, రాతికి సన్న బీట కనిపించిందని దిసారి పూత పెట్టమన్నాడు? తల్లి అప్పుడు సన్నంగా ఉండీది. ఇప్పుడు ఒళ్లు సేసింది." ఆమె ముచ్చటగా రాయి వైపు చూసి నవ్వింది.

ఒళ్లు చేసింది! ఉలవగింజ మందాన పూత, ఏటా, ఇన్నేళ్లు. తల్లి ఒంటిని కొలవకూడదు కాబట్టి ఎవరూ కొలవలేదు. మా ఆయన చేతులు పొట్టి కాలేదు. రాయి లావెక్కింది. ఆయన తరిగిపోతున్నాననుకుని ఏడ్చిన ప్రతి ఏడూ అంతకుముందు ఏటికంటే ఎక్కువ బరువు ఎత్తాడు. ఊరంతా కలిసి, అందులో నేనే ముందు నిలబడి, భక్తిగా పాటలు పాడుతూ ఆయన భుజాల మీదికి బరువు పెంచుతూ వచ్చాం. నాకు నవ్వూ, ఏడుపూ, ఒళ్లు మంటా ఒకేసారి వచ్చాయి. ఆ నెర్రె మాత్రం నేను పూడ్చలేదు. ఎవరికీ కనపడకుండా మోదుగపూలు దోపి, మట్టిచేతులతోనే ఇంటికి పరిగెత్తాను.

చెప్పాను. నమ్మలేదు.

"నామీద జాలిపడి కథలు అల్లుతన్నావా?" అన్నాడు.

"నా వేలు దిగింది మావా. నాను కళ్లారా..."

"ఊరుకో! నా ఒళ్లు నాకు తెల్దా?" అని అరిచాడు. పెళ్లయ్యాక నామీద అంత గట్టిగా అరవడం అదే మొదలు. అరిచి, చూరులోంచి పొట్లం లాగి మొలలో దోపుకుని, దుంగ భుజాన వేసుకుని కొండెక్కాడు. నిజం చెప్పి తిట్లు తిన్నాను.

మర్నాడు పనసచెట్టు చుట్టూ ఊరంతా మూగింది. డప్పులు, తుడుములు మోగుతున్నాయి. దిసారి యర్రయ్య మా ఆయన నోరు వాసన చూసి తల ఊపాడు. అప్పటికి పొట్లం విప్పలేదని నాకు ఆయన నడకలోనే తెలుస్తోంది. మొల దగ్గర చిన్న ఎత్తు కనిపిస్తూనే ఉంది.

మొదటిసారి రాయి మోకాళ్ల దాకా వచ్చి జారింది. డప్పులు ఆగాయి. రెండోసారి పొట్ట మీదికి వచ్చింది. కుడి భుజం వణికి, రాయి మళ్లీ నేలకి తగిలింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మంగరాజు అన్న వైపు చూసి గెడ్డం ఎగరేశాడు. ఈయన చెయ్యి మొల మీదికి పోయింది. కళ్లు మాత్రం నావైపు చూశాయి. ఆ చూపులో కోపం లేదు. పెద్ద ఒళ్లు లోపల భయపడిన మనిషి ఒకడు కనిపించాడు.

రాయి ఎత్తేటప్పుడు గద్దె చుట్టూ గీసిన గీత ఆడవాళ్లు దాటకూడదు. నేను దాటాను. దిసారి ఏదో కేకేశాడు. మా అత్త నా కొంగు పట్టుకోబోయింది. నేను వెళ్లి మోదుగపూలు లాగిపారేసి, మొలలో ఉన్న ఆయన చెయ్యి పట్టుకుని ఆ చేతి వేలిని నెర్రెలోకి దూర్చాను.

"నన్ను నమ్మకు. నీ వేలిని నమ్ము," అన్నాను.

వేలు మొదలంటా దిగింది. ఆయన లోపల అటూ ఇటూ తడిమాడు. తొలి ఏడు ఎత్తిన ఆ చల్లటి రాయి వేలి కొసకి తగిలి ఉంటుంది. ముఖం నాకేసి తిప్పాడు.

"ఇదంతా పైదేనా గంగా?" అన్నాడు మెల్లిగా.

"అంతా పైదే. ఇన్నాళ్లూ నువ్వు ఎత్తిందే."

ఆయన నిటారుగా నిలబడి ఊపిరి పీల్చాడు. మొలలోంచి పొట్లం తీసి మంగరాజు చేతిలో పెట్టి వేళ్లు మూసేశాడు. తరవాత తొందరపడలేదు. అంత నిదానంగా ఉన్న మా ఆయన్ని నేను చూడటం అదే మొదలు. మోకాళ్లు వంచి, చేతులు కలవకపోయినా రాయిని పొట్టకి హత్తుకుని, తొడల మీద ఒకసారి ఆపి, పెద్దగా కేకపెట్టి లేచాడు. తల్లి ఎడమ భుజం మీదికి ఎక్కింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. విత్తనాల బుట్టల చుట్టూ ఒక్కో అడుగు వేస్తూ తిరిగి వచ్చి రాయిని గద్దె మీద పెట్టాడు. ఊరు ఊగిపోయింది. నేను మాత్రం మా అత్త ఒళ్లో తల పెట్టుకుని భోరుమన్నాను.

గీత దాటినందుకు నాకు ఒక కోడి తప్పు వేశారు. ఇచ్చాను. ఆ మర్నాడు నేను కళ్లు తెరిచేసరికి మా ఆయన పక్కనే ఉన్నాడు. నోరు తెరిచి గురక పెడుతున్నాడు. ఎండ ముఖం మీదికొచ్చినా లేవలేదు. మనిషికేమైనా అయిందేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

మరుసటి చైత్రానికి దిసారి ఒక దారి చెప్పాడు. పూత నెర్రె విచ్చింది కాబట్టి తల్లికి అపచారం లేకుండా పాతదంతా ఒలిచేసి మొదటి నుంచీ పూయొచ్చట. మంగరాజు గునపం తెచ్చాడు. నాకూ అదే కావాలి. ఆయన భుజం ఇంకా పూర్తిగా నయం కాలేదు. అందరం ఆయన ఏమంటాడా అని చూశాం. ఆయన వచ్చి రాయి పక్కన మఠం వేసుకుని కూర్చున్నాడు. అవును, కూర్చున్నాడు. మంగరాజు చేతిలో గునపం తీసి పక్కన పెట్టాడు.

"ఉండనీ. నా వయసంతా దీనిమీదే ఉంది," అన్నాడు.

నేను మట్టి తీసుకుని, ఆయనకి తెలియకుండా ఉల్లిపొర కంటే పల్చగా పూయడం మొదలెట్టాను. ఆయన కనిపెట్టేశాడు.

"ఏటే గంగా, పిసినారితనం? దిట్టంగా పుయ్యి."

దిట్టంగానే పూశాను. కళ్లు తుడుచుకోబోతే చేతినిండా మట్టి. ముఖమంతా ఎర్రగా అయింది.