కరెంటు ఎక్కడికీ పోదు

మా ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టిద్దామని మొదట అన్నది నేనే. ఆ సంగతి ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. అవి బాగా పనిచేసిన రోజు మా ఆయన పెట్టించినవి, పనిచేయని రోజు నేను పెట్టించినవి.

నాకు కావలసింది ఒక్కటే, మా పాప ఊపిరి. కాస్త గాలి మారిందంటే చాలు, దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అందుకే మా అత్తయ్య దానికి పిల్లికూన అని పేరు పెట్టింది. డాక్టరమ్మ ఒక మిషన్ కొనమంది. మూతికి మాస్కు పెట్టి స్విచ్చి వేస్తే, బుర్రుమంటూ మందుని పొగలా చేసి లోపలికి పంపుతుంది. దాని అసలు పేరు పలకడానికి నోరు తిరగక మేము బుర్రుమిషన్ అంటాం. మిషన్ మంచిదే. కరెంటే చెడ్డది. మా వీధి కరెంటు మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చే మనిషిలాంటిది. ఎప్పుడు లేస్తుందో దానికే తెలియదు. ఆ రోజుల్లో నేను పాప మొహం కంటే ఫ్యాను రెక్కల్నే ఎక్కువగా చూసేదాన్ని, ఆగిపోతాయేమోనని.

"సోలార్ పెట్టిస్తే పోలా," అన్నాను ఒకరోజు.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాడు. పక్క సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టుకునే ఉద్యోగం. ఇంట్లో కూడా ఆ కాలు తీయడు. "చూద్దాం," అన్నాడు. ఆయన చూద్దాం అన్నాడంటే బ్రేకు పడ్డట్టే. ఆ మర్నాడే కరెంటు బిల్లు రావడంతో కాలు కాస్త జారింది.

ప్యానెళ్ళాయన వచ్చాడు. నల్లకళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని, కళ్ళు చికిలించి సూర్యుణ్ణి చూసే రకం. కప్పంతా కొలతలు వేసి, నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగాడు.

"దీని నీడ పడకుండా పెట్టాలి సార్. ఒక పలక మీద నీడ పడిందంటే దాంతోపాటు ఉన్నవన్నీ డల్ అయిపోతాయి."

"అచ్చం మా ఇంట్లోలాగే," అంది అత్తయ్య. "ఒకళ్ళు మూతి ముడిస్తే అందరూ ముడుస్తారు. అది సరేగానీ నాయనా, వీటి మీద పిల్ల బట్టలు ఆరేసుకోవచ్చా?"

"వద్దమ్మా!" అన్నాడు, ఆవిడ అప్పుడే ఆరేసేసినట్టు.

తర్వాత అసలు విషయానికి వచ్చాడు. రెండు రకాలున్నాయట. బ్యాటరీ ఉన్నది, లేనిది. బ్యాటరీ లేనిదాంట్లో పగలు మనం వాడుకోగా మిగిలిన కరెంటు బయట లైనులోకి వెళ్తుంది, రాత్రికి మనకి లైను నుంచి వస్తుంది. బిల్లులో చెల్లు. బ్యాటరీ ఉన్నదాని గురించి చెప్పడానికి నోరు తెరిచాడో లేదో, మా ఆయన బ్రేకు వేశాడు.

"బ్యాటరీ మాట ఎత్తొద్దు."

బ్యాటరీలతో ఆయనకి పాత పగ. వాళ్ళ స్కూలు కారు బ్యాటరీ రోజూ పొద్దున్నే చచ్చిపోతుంది. అక్కడ చేరినవాళ్ళు స్టీరింగు పట్టుకోవడం కంటే ముందు కారు తొయ్యడం నేర్చుకుంటారు.

నేను గుమ్మం పక్కనుంచి అడిగాను. "మరి, కరెంటు పోతే ఎలాగండీ?"

ప్యానెళ్ళాయన నా వైపు తిరిగి చెయ్యెత్తి అభయం ఇచ్చాడు. "మీ కరెంటు ఎక్కడికీ పోదమ్మా. నాది గ్యారంటీ."

పోదు! ఆ ఒక్క మాటని నేను కొంగున ముడేసుకున్నాను. ఇంకో ప్రశ్న వేసి ఉండొచ్చు. కానీ మా బళ్ళో కరెంటు పాఠం పుస్తకం చివర్లో ఉండేది, నేను పుస్తకం మధ్యలో ఉండగానే చదువు మానిపించారు. మా ఆయన చివరిదాకా చదివాడు. ఆయనా అడగలేదు.

ప్యానెళ్ళు బిగించారు. గోడకి ఒక తెల్లపెట్టె, దానికో పచ్చలైటు. మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మంచినీళ్ళు ఇవ్వకముందే మీటరు చూపించాడు. అత్తయ్య టీవీ ఆపడం మానేసింది. "ఎండ ఊరికే పోతోందిగా," అనేది. నేను మాత్రం ఫ్యాను వైపు చూడటం మానేసి, పాప మొహం చూశాను. దానికి కింద రెండు పళ్ళు వచ్చి చాలా రోజులైనట్టుంది. నాకు అప్పుడే కనిపించాయి.

వారం తిరక్కుండానే, నిప్పులు చెరిగే ఎండలో, ఫ్యాను ఆగింది.

నాకు మొదట నవ్వొచ్చింది. మనది పోదుగా, ఏదో ఫ్యూజు అయివుంటుంది అనుకున్నాను. హాల్లోంచి అత్తయ్య కేక. "టీవీ పోయిందే!" పెట్టె దగ్గరికి పరిగెత్తాను. పచ్చలైటు ఎర్రబడింది. మెట్లెక్కి చూస్తే పలకలు నిగనిగలాడుతున్నాయి, ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఇంత ఎండ నెత్తిన పెట్టుకుని ఒక్క ఫ్యాను తిప్పలేరా అని వాటిని తిట్టాను. కిందికి దిగేసరికి పాప దగ్గుతోంది. వెనకాలే పిల్లికూత.

ప్యానెళ్ళాయనకి ఫోను చేశాను.

"కరెంటు పోయిందండీ!"

"వీధంతా పోయిందా అమ్మా?"

"వీధి సంగతి నాకెందుకు? మాది పోదన్నారుగా!"

"వీధిలో పోతే మీదీ ఆగుతుందమ్మా. లైను వచ్చాక అదే వస్తుంది, కంగారు పడకండి."

కంగారు పడొద్దని చెప్పినవాళ్ళెవరైనా నాకు శత్రువులే. ఫోను పెట్టేశాను. పాప డొక్కలు ఎగరేస్తోంది. ఒక చంకలో దాన్ని, ఇంకో చంకలో బుర్రుమిషన్ పెట్టుకుని, వెనక ఇంటికి పరిగెత్తాను. నా వెనక మందుసీసా పట్టుకుని అత్తయ్య.

వెనక ఇంట్లో చేపల బాబాయి ఉంటాడు. బస్సు కండక్టరుగా చేసి మానేసినవాడు. ఇప్పుడు ఇల్లంతా గాజుతొట్లే, ఆయన ఇంట్లో మనుషులకంటే చేపలకే సీట్లెక్కువ. కప్పు మీద దుమ్ముకొట్టుకుపోయిన చిన్న సోలార్ పలక, మంచం కింద ఒక బ్యాటరీ. కరెంటు పోయినా చేపలకి నీళ్ళలోకి గాలి అందాలని పెట్టుకున్నాడు. మా కప్పు మీద ప్యానెళ్ళు బిగించిన రోజున ఆ పలకని చూసి మేమంతా ఎంత నవ్వామో.

"బాబాయ్! మీ కరెంటు ఉందా?"

ఆయన నన్ను, మిషన్‌ని, పాప డొక్కల్ని చూశాడు. "ఇక్కడ ఉన్నది ఒకటే ప్లగ్గమ్మాయ్. దిగేవాళ్ళు దిగితేగానీ ఎక్కేవాళ్ళు ఎక్కలేరు," అంటూ చేపల గాలిపంపు ప్లగ్గు పీకేసి, మా మిషన్‌ది పెట్టాడు.

బుర్రుమంది. ఆ చప్పుడంత తియ్యటి చప్పుడు ఈ భూమ్మీద లేదు.

మామూలుగా మాస్కు పెట్టడమంటే మా ఇంట్లో కుస్తీపోటీ. నేను చేతులు, అత్తయ్య కాళ్ళు పట్టుకోవాలి. ఈసారి పిల్లికూన కదల్లేదు. తొట్టికి మొహం ఆనించి చూస్తోంది. అవతల గాలి చాలక చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇవతల మాస్కులో ఇదీ నోరు తెరుస్తోంది.

"అవి చచ్చిపోవు కదా అన్నయ్యా?" అంది అత్తయ్య.

"చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ ఉండు చెల్లెమ్మా. గాలి కలుస్తుంది."

మా అత్తయ్య, ఇంట్లో తన గ్లాసు కూడా తను ముంచుకోని మా అత్తయ్య, చీర పైకి దోపుకుని ఒక తొట్టి తర్వాత ఇంకో తొట్టికి చెంబులతో నీళ్ళు ఎత్తిపోసింది. మందు అయిపోయేసరికి పాప డొక్కలు నెమ్మదించాయి. ప్లగ్గు మారింది, బుడగలొచ్చాయి. బాబాయి ప్రతి తొట్టిలోకీ తొంగి చూసి, "అంతా ఉన్నారు," అన్నాడు, టిక్కెట్లు చూసినట్టు.

మర్నాడు పొద్దున ప్యానెళ్ళాయన్ని పిలిపించాను. మా ఆయన్ని డ్యూటీకి కదలనివ్వలేదు.

"మీరు పోదన్నారు."

"మీ కరెంటు పోలేదమ్మా. మిగిలింది దండగపోదు, లైనులోకి వెళ్ళి మీ లెక్కలో పడుతుంది అని నేనన్నాను."

"మీరు ఎక్కడికీ పోదు అన్నారు."

"ఎక్కడికి పోయింది మరి?"

జుట్టు పీక్కోవాలనిపించింది. నా జుట్టు కాదు.

"లైను ఆగితే మీ పెట్టె కూడా ఆగాలమ్మా, అది పద్ధతి," అన్నాడాయన, కాస్త తగ్గి. "బాగుచేసేవాడు స్తంభం ఎక్కి ఉంటాడు. లైను చచ్చిందని ధీమాగా తీగ పట్టుకుంటాడు. మీ కప్పు మీది కరెంటు వెళ్ళి వాణ్ణి కొడితే?"

ఇకనుంచి ఆ స్తంభం మీది మనిషి గురించి కూడా బెంగపడాలి కాబోలు.

"అతనూ బతకాలి, మా పాపా బతకాలి. రెండూ జరిగే పెట్టె లేదా?"

"ఎందుకు లేదమ్మా? లైను పోగానే బయటితో తెగదెంపులు చేసుకుని, బ్యాటరీతో ఇంట్లో కొన్నిటిని నడిపే పెట్టె ఉంది."

"మొదటే చెప్పొచ్చుగా?"

"సారు బ్యాటరీ మాట ఎత్తొద్దన్నారు."

అందరం సారు వైపు చూశాం. సారు ఫ్యాను వైపు చూశాడు.

ఈసారి బ్రేకు పడలేదు. పాత పెట్టె ఇచ్చి కొత్తది, దానికో చిన్న బ్యాటరీ తీసుకున్నాం. చిన్నది కాబట్టి ఇల్లంతా నడవదు. "పాప గదిలో ఒక ప్లగ్గు, ఒక ఫ్యాను, ఒక లైటు. అంతే," అని గట్టిగా చెప్పాను. అత్తయ్య ఒక్క మాట అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

బిగింపు రోజున పాపకి ముక్కు కారుతుంటే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. "అంతా ఓకే అమ్మా," అన్నాడు ప్యానెళ్ళాయన సంచి సర్దుతూ.

మాటలు నమ్మే రోజులు నాకు అయిపోయాయి. పాప గదిలో మిషన్ ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, బుర్రుమంటుండగా బయటికెళ్ళి మెయిన్ దించేశాను.

బుర్రు ఆగిపోయింది.

అంతలో హాల్లోంచి ఒక ఆడగొంతు, "ఈ ఇంట్లో నాకు చోటు లేదా?" అని భోరుమంది. అత్తయ్యది కాదు. టీవీది. కరెంటు లేని ఇంట్లో సీరియల్ నడుస్తోంది.

"అత్తయ్యా!"

"అరవకే, వినిపిస్తోంది."

"బ్యాటరీ లైను ఎటు వేశారు?" అని ప్యానెళ్ళాయన మీద పడ్డాను.

"పాప గది ఏదని అడిగానమ్మా. పెద్దమ్మగారు హాలు చూపించారు."

అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పలేదు. "పాప ఎక్కడుంటే అది పాప గది. పొద్దస్తమానం నా ఒళ్ళోనేగా ఉండేది."

"ఇది మీ సీరియల్ కోసం కాదు! దాని ఊపిరి కోసం!"

"నాకు తెలీదా? చెంబులు ఎత్తిపోసి నా భుజం ఇంకా సలుపుతోంది. ఆరోజు చేపల్ని చూస్తూ కూర్చుంది కాబట్టి మాస్కు ఉంచుకుంది. నా టీవీ కూడా చేపలతొట్టే. ఇందులోనూ అందరూ ఊరికే నోళ్ళు తెరుస్తారు. కావాలంటే పెట్టి చూడు."

ఉక్రోషంతో మిషన్ తెచ్చి టీవీ పక్క ప్లగ్గులో పెట్టాను, ఆవిడ మాట అబద్ధమని తేలుతుందని. బుర్రుమంది. మాస్కు పెట్టాను. పిల్లికూన టీవీలో ఏడుస్తున్న కోడల్ని కన్నార్పకుండా చూస్తూ, బుద్ధిగా ఊపిరి పీల్చింది. ఎవరూ దాని కాళ్ళు పట్టుకోలేదు. నేను ప్యానెళ్ళాయన వైపు తిరిగాను.

"రెండూ నడుస్తాయా?" అన్నాను చివరికి.

"నడుస్తాయమ్మా. మిక్సీ, ఇస్త్రీపెట్టె మాత్రం పెట్టకండి. బ్యాటరీ తగ్గితే పెట్టె కుయ్‌మంటుంది. అప్పుడు ఏదో ఒకటి ఆపాలి."

"ఏదో ఒకటి కాదు. టీవీ," అన్నాను అత్తయ్యతో. "మిషన్ నడుస్తుండగా కుయ్‌మందంటే ముందు దిగేది మీరే."

"సరేలేవే, కండక్టరమ్మా."

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మెయిన్ దించి చూస్తాను. గడ్డం సగం గీసుకున్న మా ఆయన బాత్రూములోంచి చీకట్లో అరుస్తాడు. అరవనీ.

మొన్న నాలుగు రోజులు వరసగా ముసురు పట్టింది. పలకల మీద వాన తప్ప ఎండ లేదు. పొద్దున పోయిన వీధి కరెంటు మధ్యాహ్నానికీ రాలేదు. పాపకి ఆయాసం. మాస్కు పెట్టి హాల్లో కూర్చోబెట్టాను. టీవీలో సీరియల్ అసలు ఘట్టం, నెలల తరబడి చస్తానంటున్న ఆ అత్తగారు ఆరోజు చివరికి చచ్చేలాగే ఉంది. మా అత్తయ్య మంచం అంచుకి జరిగి చూస్తోంది. సరిగ్గా అప్పుడు పెట్టె కుయ్‌మంది.

నేను అత్తయ్య వైపు చూశాను. నోరు తెరవబోయేలోపే ఆవిడ లేచింది. టీవీ ప్లగ్గు ఆవిడే పీకింది.

"నేను దిగిపోతున్నానే. నువ్వు కూర్చో," అంది మనవరాలితో.

తెర నల్లబడగానే పిల్లికూన గింజుకుంది, మాస్కు పీకబోయింది. నేను దాని చేతులు పట్టుకున్నాను. అత్తయ్య కాళ్ళు పట్టుకోలేదు. మోకాళ్ళు పట్టుకుని, అమ్మా అనుకుంటూ నేల మీద దాని ఎదురుగా చతికిలబడింది. బుగ్గలు లోపలికి పీల్చి, కళ్ళు మిటకరించి, నోరు తెరుస్తూ మూస్తూ చేప అయిపోయింది.

పాప చేతులు మెత్తబడ్డాయి. అది అత్తయ్యనే చూస్తూ నోరు తెరిచింది, మూసింది. బయట వాన, లోపల బుర్రు. మందు చివరి చుక్క అయ్యేదాకా మా అత్తయ్య చేపగానే ఉంది. ఆ తర్వాత దవడలు రుద్దుకుంటూ నన్ను అడిగింది.

"ఇంతకీ ఆవిడ చచ్చిందంటావా?"